మా ఇంటిపేరుకు తెగులు తగిలించిన వియ్యపురాలు

పోయిన నెలలో ఒకరోజు పొద్దున్నే అరటిగెలలు బండికెత్తిస్తుంటే మా అల్లుడి ఫోన్ వచ్చింది.

"మావయ్యా, అమ్మ వెళ్ళిపోయింది."

"ఏ బస్సుకి?" అన్నాను నేను. ఆవిడ చెప్పాపెట్టకుండా రాజమండ్రిలో బస్సెక్కి, రావులపాలెంలో దిగి, అక్కణ్ణించి షేర్ ఆటోలో మా తోట దగ్గరికి వచ్చెయ్యడం మామూలే. అటునుంచి కుర్రాడి ఏడుపు వినపడింది. అప్పుడు తెలిసింది నాకు, ఈసారి బస్సు కాదని.

నిద్రలోనే గుండె ఆగిపోయిందట. నాకు ఏడుపు రాలేదండీ, ఉన్నమాట చెబుతున్నాను. విసుగొచ్చింది. ముందురోజు సాయంత్రమే ఆవిడ నాకు ఫోన్ చేసి, బండెడు చీవాట్లు పెట్టి, "కరెంటు పోయింది, మిగతాది రేపు పెడతాను" అని ఆపేశారు. ఆ మిగతాది ఇప్పుడెవరు పెడతారు? మనిషిని సగం తిట్టి వదిలేసి పోవడం ఏం పద్ధతి?

మా అరటి రైతుల పత్రిక వాళ్ళు వచ్చి, "ఆవిడ గురించి నాలుగు ముక్కలు రాసివ్వండి, మీకు బాగా తెలుసు కదా" అన్నారు. నా చదువు ఏడో తరగతి, అదీ పూర్తిగా కాదు. "రాస్తాను గానీ పొగడను" అని ముందే చెప్పేశాను. పొగిడే పని ఇప్పటికే అయిపోయింది. వాళ్ళ వీధి మొదట్లో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఆవిడ ఎప్పటిదో నల్లజుట్టు ఫొటో వేసి, కింద "శాంతస్వరూపిణి" అని రాయించారు. నేను దాని ముందు నిలబడి ఒకటికి రెండుసార్లు చదువుకున్నాను. శాంతం! ఆవిడకి! పక్కన ఎవరో కళ్ళు తుడుచుకుంటున్నారు కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే అక్కడే నవ్వేసేవాణ్ణి.

ఆవిడ మా అమ్మాయికి అత్తగారు. నాకు వియ్యపురాలు. రాజమండ్రిలో ఒక కాలేజీలో మొక్కల పాఠాలు చెప్పి రిటైరయ్యారు. నేను "చెల్లెమ్మ గారూ" అనేవాణ్ణి, ఆవిడ నన్ను "అన్నయ్య గారూ" అనేవారు. ఈ గారులు రెండూ తీసేస్తే మిగిలేదంతా కొట్లాటే.

మొదటిసారి మా ఇంటికి పెళ్ళిచూపులకొచ్చినప్పుడే ఆవిడ తీరు తెలిసిపోయింది. అందరూ హాల్లో కూర్చుని మర్యాదగా మిక్చర్ నములుతుంటే, ఈవిడ లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు. నేను వెనకాలే వెళ్ళాను. పట్టుచీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో అరటాకు తిరగేసి చూస్తున్నారు.

"మీ ఆకులకి మచ్చ తెగులుందండీ, చూసుకున్నారా?" అన్నారు.

"తమరు అమ్మాయిని చూడ్డానికొచ్చారా, అరటిచెట్టుని చూడ్డానికొచ్చారా?"

"అమ్మాయి బాగానే ఉంది" అని, ఇంకో ఆకు తిరగేశారు.

అలా కుదిరింది సంబంధం.

రిటైరయ్యాక ఆడవాళ్ళు తీర్థయాత్రలకెళ్తారు, సీరియళ్ళు చూస్తారు. ఈవిడ కంప్యూటర్ ముందు కూర్చుని ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నారు. మా అమ్మాయి ఫోన్ చేసి, "నాన్నా, అత్తయ్య గారు పొయ్యి మీద పాలు పెట్టి జావాస్క్రిప్ట్ రాసుకుంటున్నారు, గిన్నె మాడిపోయింది" అని చెప్పేది. అది ఏ ఊరి వంటకమో అనుకున్నాను కాసేపు. తరవాత ఆవిడే మా అరుగు మీద కూర్చుని లాప్‌టాప్ తెరిచి చూపించారు. తెర నిండా అక్షరాలు. ఏ, టీ, జీ, సీ. మళ్ళీ అవే. పైనుంచి కిందదాకా అవే.

"ఇదేంటండీ, కీబోర్డు మీద పిల్లి గానీ పడుకుందా?" అన్నాను.

"ఆకు లోపలుండే రాత అన్నయ్య గారూ ఇది. ఏ మొక్కదైనా, ఏ మనిషిదైనా, ఏ పురుగుదైనా ఈ నాలుగక్షరాల్లోనే రాసుంటుంది. ల్యాబ్ వాళ్ళు ఆకుని చదివి, ఇలా ఫైలు చేసి పంపిస్తారు. నాలుగే అక్షరాలు. మీ ఏడో క్లాసు దీనికి చాలు, ఇంకా మిగుల్తుంది కూడాను."

"నాలుగే అన్నారు, మరి మధ్యలో ఈ ఎన్ ఎక్కడిది?"

"యంత్రానికి అక్షరం సరిగ్గా కనపడకపోతే ఎన్ అని పెడుతుంది. నాకు తెలీదు అని దానర్థం. తెలీనప్పుడు తెలీదని ఒప్పుకునే యంత్రం. మిమ్మల్ని దాని దగ్గర ఓ వారం ట్రైనింగుకి పంపించాలి."

మా ఆవిడ లోపల్నుంచి "వారం సరిపోదండీ వదిన గారూ" అంది. ఆడవాళ్ళిద్దరూ ఒకటైపోయారు.

ఆ ఫైలు ఎలా ఉంటుందో ఆవిడ నాకు గెలల లెక్కన చెప్పారు. మార్కెట్లో గెలకి చీటీ కడతాం కదా, ఇది ఫలానా వాళ్ళది అని. ఫైల్లో కూడా అంతే. ముందు పక్కకి తిరిగిన బాణం మొన లాంటి గుర్తు. దాని పక్కన పేరు. అది చీటీ. కింద వరసల్లో అక్షరాలు. అవి గెలకుండే కాయల అత్తాలు. మళ్ళీ బాణం మొన కనపడిందంటే ఇంకో గెల మొదలైనట్టు. అర్థమైంది నాకు. ఇంత చిన్నదానికి పాలగిన్నెలు మాడ్చుకోవడం దేనికని అడిగాను.

"ఫైలు ఒకటైతే కళ్ళతో చదువుకోవచ్చు. వందలుంటే? ప్రోగ్రామే చదవాలి. అదృష్టం కొద్దీ ఆ చదివే పని నేను మొదట్నుంచీ రాయక్కర్లేదు. ఎవరో రాసిపెట్టారు, లైబ్రరీ అంటారు దాన్ని. ఊరికే ఇచ్చారు. తెచ్చుకుని నా దాంట్లో కలుపుకోవడమే."

"ఊరికే ఎవరిస్తారండీ ఈ రోజుల్లో?"

"మీరు ఊళ్ళో వాళ్ళకి పిలకలు ఊరికే ఇవ్వట్లేదూ?"

ఆవిడతో అదే చిక్కు. పది మాటలు నన్ను అననిచ్చి, పదకొండోది మెత్తగా అనేవారు.

కాలేజీ కుర్రాళ్ళు ఈ పనికి వేరే భాష వాడతారట. అదైతే ఎవరి కంప్యూటర్లో వాళ్ళు ఏవేవో ఎక్కించుకోవాలట. జావాస్క్రిప్ట్‌తో రాస్తే ఏ ఫోన్లోనైనా లింకు నొక్కగానే తెరుచుకుంటుంది. "తోటలో గట్టు మీద నిలబడి, మట్టిచేత్తో మీరే చూసుకోవాలి, నాకు ఫోన్ చేసి ప్రాణం తియ్యకూడదు. అందుకే ఈ వయసులో ఇది నా నెత్తికెత్తుకున్నాను" అనేవారు. చూసుకోవడమూ అయ్యేది, ఫోన్ చేసి ప్రాణం తియ్యడమూ అయ్యేది. రెండోది నేను మానలేదు.

ఆవిడ కోపం చూడాలంటే ఫైలు పాడైనప్పుడు చూడాలి. ఒకసారి మా ఇంట్లోనే పొద్దుటినుంచి కూర్చున్నారు. లైబ్రరీ ఆ ఫైలుని చదవనంటోంది. కాఫీ చల్లారిపోయింది, టిఫిను ఎండిపోయింది, కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడవడం, పెట్టుకోవడం, మళ్ళీ తుడవడం. మధ్యాహ్నం ఉన్నట్టుండి ఒక్క అరుపు.

"ఎవరో దీన్ని ఉత్తరాలు టైపు చేసేదాంట్లో తెరిచారు!"

దేవుడి గదిలోకి చెప్పులతో వచ్చారన్నంత గట్టిగా అరిచారు. ఆ ల్యాబ్‌లో ఎవరో కుర్రాడు ముచ్చటపడి, పేర్లన్నీ లావు అక్షరాలు చేసి, రంగు కూడా వేసి పంపించాడట. మన కంటికి అందంగా ఉంది గానీ, లోపల చెత్తంతా చేరిపోయిందట. ఫోన్ చేసి ఆ అబ్బాయికి పెట్టిన చీవాట్లు మా వీధి చివరిదాకా వినపడ్డాయి. "బాబూ, ఇది శుభలేఖ కాదు! ముగ్గులు పెట్టకు!" ఫోన్ పెట్టేసి, నా వైపు తిరిగి, "చదివేది గుడ్డిది అన్నయ్య గారూ. దానికి చెయ్యి పట్టుకుని దారి చూపించాలి, అందం చూపించకూడదు" అన్నారు. ఆ మాట నాకు గుర్తుండిపోయింది. మా తమ్ముడి విషయంలో చాలాసార్లు వాడాను.

ఇక అసలు గొడవకొస్తాను.

నా తోట అమృతపాణి అరటి. మా నాన్న వేసిన పిలకల పిలకలు. మా చుట్టుపక్కల అందరూ వేరే రకాలకి మారిపోయారు, మిగిలింది నాదొక్కటే. కాస్త రుచి తెలిసినవాడు ఎవడైనా నాలుగు మొక్కలు వేసుకుందామనుకుంటే నా గుమ్మం ముందుకే రావాలి. అలాంటిది, నిరుడు వానలప్పుడు పక్క ఊళ్ళోకి వెర్రితల తెగులు వచ్చింది. కొత్త ఆకులు విచ్చుకోకుండా నెత్తిమీద గుత్తిలా ముడుచుకుపోతాయి, ఇక గెల వెయ్యదు. వైరసు. మందు లేదు. వచ్చిన మొక్కని దుంపతో సహా తవ్వి పారెయ్యడమే. దాని పిలక ఇంకో తోటకి వెళ్ళిందంటే ఆ తోటా పోయినట్టే. పైకి గుత్తి కనపడకముందే లోపల చేరిపోతుంది కాబట్టి, కంటితో చూసి చెప్పలేం.

ఆవిడ విన్నవెంటనే వచ్చారు. చీర మీద రబ్బరు బూట్లు, భుజాన సంచి, చేతిలో కవర్లు. "తోటకో ఆకు కోసిద్దాం. ల్యాబ్ వాళ్ళు చదివి ఫైలు పంపిస్తారు. నా పేజీలో పెడతాను, ఎవరి పేరు వాళ్ళు కొట్టుకుని చూసుకోండి. వైరసు రాత ఉంటే ఎర్రగా వస్తుంది" అన్నారు. ఎవరి తోట ఎక్కడుందో నాకే తెలుసు కాబట్టి కవర్ల మీద పేర్లు రాసే పని నాకిచ్చారు. ఇంగ్లీషులోనే రాయమన్నారు. సంతకం చేసే ఇంగ్లీషు నాకూ వచ్చు. రోజంతా తిరిగాం. అందరివీ అయ్యాక, వచ్చినవాళ్ళకి పెట్టాక ఇంటివాళ్ళం తింటాం కదా, అలా చివర్న నా తోటలో ఆకు కోశాను.

కొన్నాళ్ళకి ఒక సాయంత్రం వాట్సాప్ గ్రూపులో లింకు వచ్చింది. తెరిస్తే ఒక పెట్టె, అందులో పేరు కొట్టాలి. కొట్టాను. ఎర్రగా వచ్చింది. "తెగులు ఉంది. మొక్కలు తీసెయ్యండి."

ఇంకోసారి కొట్టాను, మళ్ళీ ఎరుపే. ఇంతలో మా తమ్ముడు వచ్చాడు. వాడిది పక్క తోట.

"అన్నయ్యా, నాకు ఎర్రగా వచ్చిందిరా!"

"నాకూ అంతే."

"చిన్నాన్న కొడుక్కీ ఎరుపే. వాళ్ళ తమ్ముడికీ ఎరుపే. మనవాళ్ళందరికీ వచ్చేసింది. అవతల వీధిలో ఒక్కడికీ లేదు! మన ఇంటిపేరు మీదే వచ్చినట్టుంది!"

"ఇంటిపేరుకి తెగులొస్తుందా, బుర్ర తక్కువ వెధవా!"

"మరి ఇదేంటి? పొద్దున్నే మనుషుల్ని పిలుస్తున్నా. గునపాలు తెస్తారు. మొత్తం తవ్వేద్దాం, నీదీ నాదీ అందరిదీ. ఆలస్యం చేస్తే ఊరంతా మనల్నే అంటారు."

వాడు అంతే, కబురు వినగానే కాళ్ళు చేతులు ఆడవు, గునపం మాత్రం ఆడుతుంది. ఫోన్లు కొట్టేస్తూ వెళ్ళిపోయాడు.

నాకు కడుపు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియక ఆ పేజీ మీద మండింది. నీకు ఎరుపు తప్ప ఇంకో రంగు రాదా, చూస్తానుండు అని, మా ఇంటిపేరు కొట్టి, పక్కన "గేదె" అని కొట్టాను. ఎర్రగా వచ్చింది. "తెగులు ఉంది. మొక్కలు తీసెయ్యండి." మా ఆవిడ తొంగిచూసి, "మన గేదెకి అరటి తెగులేంటండీ?" అంది. మా ఇంటిపేరు కొట్టి, పక్కన "కొబ్బరి పచ్చడి" అని కొట్టాను. దానికీ ఉంది తెగులు.

ఫోన్ చేశాను. "చెల్లెమ్మ గారూ, మా గేదెకి వెర్రితల వచ్చిందండీ."

"అన్నయ్య గారూ, ఏమన్నా పుచ్చుకున్నారా?"

"నేను కాదు, మీ పేజీ పుచ్చుకుంది. మా కొబ్బరి పచ్చడిని కూడా తవ్వెయ్యమంటోంది."

అటు పక్క కీబోర్డు టకటకలాడింది. తరవాత నెమ్మదిగా అడిగారు, "అన్నయ్య గారూ, కవర్ల మీద పేర్లు ఎలా రాశారు?"

"మనుషుల పేర్లు ఎలా రాస్తారో అలాగే."

"ఇంటిపేరు ముందా?"

"ఇంటిపేరు వెనకాల ఎవడు రాస్తాడండీ? రేషన్ కార్డు మీద ముందే, శుభలేఖ మీద ముందే. రేపు నా ఫ్లెక్సీ మీదైనా ముందే!"

"ఇంటిపేరు, ఖాళీ, ఆ తరవాత మనిషి పేరు. అంతేనా?"

"అంతే."

"అయ్యో నా ఖర్మ" అన్నారు ఆవిడ. "పొద్దున నేనొచ్చేదాకా ఎవరూ ఒక్క మొక్క ముట్టుకోకూడదు. ముట్టుకున్నవాడి చెయ్యి విరగ్గొడతానని చెప్పండి."

తెల్లారేసరికి మా తమ్ముడు గునపాల వాళ్ళతో గట్టు మీదున్నాడు. నేను వాడికి అడ్డంగా ఉన్నాను. "తప్పుకోరా" అని వాడు, "నువ్వే తప్పుకో" అని నేను. కూలికొచ్చినవాళ్ళు బీడీలు ముట్టించుకుని మా ఇద్దరి తగువు చూస్తున్నారు. ఇంతలో ఆటో దిగి ఆవిడ వచ్చారు. జడ కూడా సరిగ్గా వేసుకోలేదు. గునపాలన్నీ కిందపెట్టించి, గట్టు మీదే కూర్చుని, ఒళ్ళో లాప్‌టాప్ తెరిచారు. మా తమ్ముడు గొడుగు పట్టాడు, తెర మీద ఎండ పడకుండా. అంతసేపు తిట్టినవాడు గొడుగెలా పట్టాడంటారా? ఆవిడ "పట్టుకో బాబూ" అన్నారు, పట్టాడు. ఎవరైనా అంతే.

"చెబుతాను వినండి ఇద్దరూ" అన్నారు. "బాణం మొన పక్కన మొదటి ఖాళీ వరకే ఈ లైబ్రరీ పేరుగా తీసుకుంటుంది. ఆ తరవాత ఉన్నదంతా వివరం కింద పక్కన పెడుతుంది. నేను ఆ పేరు మీదే అన్నీ దాచాను. మీరందరూ ఒకే ఇంటిపేరు. అంటే దాని లెక్కలో మీరంతా కలిపి ఒక్కడే మనిషి. ఒకడి మీద ఇంకొకణ్ణి రాసుకుంటూ పోయింది. మీరు పెట్టెలో ఏం కొట్టినా మొదటి మాటే చూసింది. అందుకే గేదెకీ వచ్చింది."

"మా నాన్న పెట్టిన పేరు మధ్యలో ఖాళీ ఉండడం నా తప్పా?" అన్నాను.

"మీదని ఎవరన్నారు?"

"మరి ఆ లైబ్రరీ రాసినవాడిదా?"

"వాళ్ళు ఎలా చదువుతుందో పక్కనే రాసిపెట్టారండీ. చదవంది నేను. మనూళ్ళో పేర్లు ఎలా రాస్తారో ముప్పై ఏళ్ళు హాజరు పిలిచినదాన్ని, నాకు తెలీదా? తొందర. ఇంకేం లేదు. రాసినవాణ్ణి అడక్కుండా చదవబోతే ఇలాగే ఉంటుంది." అలా అంటూనే కొట్టుకుపోతున్నారు, టకటకా. పేరు, వివరం కలిపి మొత్తం ఒక్కటిగా పట్టుకునేలా మార్చారు. ఫైలు మళ్ళీ చదివించారు.

ఈసారి ఒక్కొక్కరి పేరూ విడివిడిగా వచ్చింది. మా తమ్ముడిది పచ్చ. చిన్నాన్న కొడుకుది పచ్చ. వాళ్ళ తమ్ముడిది పచ్చ. వాడు గొడుగు వదిలేసి ఎగిరాడు. "చూశావా అన్నయ్యా! నేను చెప్పలా!" అన్నాడు. వాడు చెప్పిందేంటో నాకు ఇప్పటికీ తెలీదు.

ఆవిడ మాత్రం ఎగరలేదు. తెర నా వైపు తిప్పలేదు కూడా.

"అన్నయ్య గారూ, ఆ రోజు చివర్న ఎవరి ఆకు కోశాం?"

"నాదే."

"ఒకడి మీద ఒకణ్ణి రాసుకుంటూ పోతే, ఆఖరికి మిగిలేది చివరివాడే" అన్నారు. "ఆ ఎరుపు మీదొక్కరిదే."

ఆవిడ నన్ను ఏడిపించని రోజు నా జ్ఞాపకంలో అదొక్కటే. ఎన్నో మాటలు అనొచ్చు ఆ రోజు. పిలకలిచ్చి ఊరంతటికీ తగిలించేవారని అనొచ్చు. ఒక్కటీ అనలేదు. లాప్‌టాప్ మూసి సంచిలో పెట్టి, బూట్లు వేసుకుని, "పదండి, ఏ దుబ్బులో ఆకో చూపించండి" అన్నారు. నీళ్ళ బోదె పక్క వరసలో ఆకు అది. అక్కణ్ణించి మొదలుపెట్టి దుబ్బు దుబ్బుకీ వంగి, నడిమి ఆకు విప్పి చూస్తూ, అనుమానమున్నదానికల్లా గుర్తుగా సున్నం పూసుకుంటూ వెళ్ళారు. మా తమ్ముడు తెచ్చిన గునపాలు ఊరికే పోలేదు. వాడే ముందు గునపం వేశాడు, నా వరసల్లో. మధ్యమధ్యలో నా మొహం చూసి, గునపం మెల్లిగా వేశాడు. వాడు మెల్లిగా పని చెయ్యడం నేను చూసింది అదే మొదలు. బోదె పక్క వరసలన్నీ సాయంత్రానికి గుంటలైపోయాయి. లోపలివి మిగిలాయి.

"మిగిలినవైనా బాగున్నట్టేనా?" అని అడిగాను.

"ఎన్" అన్నారు ఆవిడ.

తెలీదని. మళ్ళీ ఆకులు పంపించాలట, కొన్నాళ్ళు ఆగాక, ఈసారి తోటకొకటి కాదు, దుబ్బుకొకటి. "పేర్లు ఒక్క మాటలో ఉండాలి. మధ్యలో ఖాళీ కనపడిందా, మన వియ్యం ఇక్కడితో సరి" అన్నారు. ఆవిడ మళ్ళీ వచ్చేసరికి నేను దుబ్బులన్నిటికీ పేర్లు పెట్టాను. మొండిది, వంకరది, సుబ్బరంగా ఎదిగింది కాబట్టి దొరసాని, ఎవరి నీళ్ళు వాళ్ళకి వదలకుండా తాగేస్తుంది కాబట్టి తమ్ముడు. కవర్లు అందుకుంటూ ఒక్కో పేరూ చదివి, పెదాలు బిగించి నవ్వాపుకున్నారు. గట్టు దగ్గరుండి పక్క వరసలోకి వేలుపెట్టిన దుబ్బు కవరు రాగానే ఆగి, "వియ్యపురాలా? ఇదేంటి?" అన్నారు. "దాని గుణం అదేనండీ, నేనేం చెయ్యను" అన్నాను. ఆ కవరు సంచిలో అన్నిటికంటే అడుగున తోసి, ఆటో ఎక్కేశారు.

ఫైలు రావడం ఆలస్యమైంది. ఈలోగా జనం ఊరుకుంటారా? పిలకలు, పిలకలు అని నా ప్రాణం తీశారు. నేను కొందరికి సరే అన్నాను. ఆ కబురు ఎవరు చేరేశారో రాజమండ్రి చేరింది. అదే ఆ చివరి ఫోను.

"ఫైలు రాకుండా ఒక్క పిలక ఆ తోట దాటిందంటే, తెగులు ఊరంతా పంచినవాడు మీరే అవుతారు. మీ నాన్న గారి అరటి అని కన్నీళ్ళు పెట్టుకోవడం కాదు, ఆగడం నేర్చుకోండి. ఏభై ఏళ్ళు వ్యవసాయం చేసినాయన, పిలక నాటి గెల కోసం ఏడాది ఆగేవారు, నాలుగు రోజులు ఆగలేరా? మీకసలు..." అక్కడ కరెంటు పోయింది.

కార్యక్రమాలన్నీ అయ్యాక మా అమ్మాయి ఫోన్ చేసింది. అత్తగారి మెయిలుకి ల్యాబ్ నుంచి ఫైలొచ్చిందంట. ఇంట్లో ఎవరికీ ఫలితం చూసే ధైర్యం లేదు. "నేను పేజీలో పెట్టేశాను నాన్నా. అత్తయ్య గారు ఎలా పెట్టాలో నాకు ముందే చూపించారు. నువ్వే చూసుకో" అంది.

ఇంట్లో చూడబుద్ధి కాలేదు. మా తమ్ముణ్ణి వెంటబెట్టుకుని తోటలోకి వెళ్ళాను. వాన వెలిసింది. ఆకుల మీంచి ఇంకా చుక్కలు పడుతున్నాయి. లోపలి వరసల్లో నిలబడి లింకు నొక్కాను. అక్కడ సిగ్నలు ఎప్పుడూ అంతంతమాత్రమే.

తమ్ముడు నా భుజం మీంచి తొంగిచూస్తున్నాడు. ఒక్కో పేరూ వస్తోంది. మొండిది, పచ్చ. దొరసాని, పచ్చ. వంకరది, పచ్చ. "నా పేరెట్టావేంట్రా?" అన్నాడు వాడు. "నోర్ముయ్యి, నీది కూడా పచ్చే" అన్నాను. చివరిదాకా వెళ్ళాం. ఎక్కడా ఎరుపు లేదు. వాడు అక్కడికక్కడే లుంగీ ఎగ్గట్టి, "ముందు నాకే, ఆ దొరసాని పక్క పిలక" అని పార తేవడానికి పరుగెత్తాడు. వెర్రితల వచ్చిందనగానే అన్నీ తవ్వెయ్యబోయినవాడు వీడే. నవ్వాలో తిట్టాలో తెలీలేదు. తిట్టాను.

వాడు వెళ్ళాక పేజీ మూసేసి, మళ్ళీ నొక్కాను. ఫలితం నాకు తెలుసు, ఇందాక తెర మీద మెరిసి పోయినదేంటో చూద్దామని. పేర్లు రావడానికి ముందు, ఫైలు చదువుతున్నంతసేపూ, తెర మధ్యలో ఒక ముక్క కనపడింది. పాత పేజీలో అది లేదు. ఈసారి ఆవిడ కొత్తగా పెట్టినట్టున్నారు, తెలుగులో, నాకు కళ్ళజోడు లేకపోయినా కనపడేంత పెద్ద అక్షరాలతో.

"ఆగండి అన్నయ్య గారూ, చదువుతున్నాను."

సిగ్నలు అందక అది అలాగే ఉండిపోయింది. పైనుంచి ఒక చుక్క తెర మీద పడింది. పంచె చెంగుతో తుడిచి, అక్కడే నిలబడ్డాను.